అడుగు కనబడింది... పులి కనబడలేదు!

పులుల్నీ జింకల్నీ వలసపక్షుల్నీ చూడాలంటే ఏ కన్హాకో కజిరంగాకో టికెట్లు కొనాలనుకుంటాం. వరంగల్‌వాళ్లకు ఆ అవసరం లేదు. పొద్దున్నే బయల్దేరితే గంటన్నరలో పాకాల, ఇంకాస్త ముందుకెళ్తే తాడ్వాయి, ఏటూరునాగారం. కాకపోతే ఈ అడవుల్లో చూడ్డానికి కళ్లొక్కటే చాలవు. చెవులు కావాలి, ఓపిక కావాలి, కాస్త మర్యాద కూడా తెలిసుండాలి!

1902 వేసవి. వరంగల్‌కు దగ్గర్లోని నెక్కొండ అడవిలో గుడారాలు వెలిశాయి. నిజాం రాజ్యానికి అతిథిగా వచ్చిన వైస్రాయి లార్డ్ కర్జన్ అక్కడ పులివేటకు దిగాడు. మొదటిరోజు వేట ముగిశాక కర్జన్, ఆయన భార్య మేరీ నిలబడి ఫొటో దిగారు. ముందు చచ్చిపడి ఉన్న పులి. రాజా దీన్‌దయాళ్ పేరుతో ఆ ఫొటో చరిత్రలో నిలిచిపోయింది. అడవికి వెళ్లడమంటే అప్పట్లో అదీ అర్థం... వెళ్లాలి, కాల్చాలి, పక్కన నిలబడి ఫొటో దిగాలి.

2024 డిసెంబరు. ములుగు జిల్లా వెంకటాపురం వైపు గోదావరి ఒడ్డున పులి అడుగులు కనిపించాయి. అదే నెలాఖరులో వరంగల్ జిల్లా నల్లబెల్లి మండలం రుద్రగూడెం దగ్గర మెత్తటి మట్టిలో మళ్లీ అవే గుర్తులు. నెక్కొండకు అది పెద్ద దూరమేం కాదు. ఊళ్లో భయం, టీవీల్లో హడావుడి, అటవీ సిబ్బంది హెచ్చరికలు... ఒంటరిగా పొలానికి వెళ్లొద్దు, చీకటి పడకముందే పశువుల్ని ఇంటికి తోలుకురండి అని. పులి మాత్రం ఎక్కడా ఆగలేదు. వచ్చిన దారిన తన మానాన తాను వెళ్లిపోయింది.

ఈ రెండు సంఘటనల మధ్య నూట ఇరవై రెండేళ్లు. ఒకప్పుడు వైస్రాయిని రప్పించేటన్ని పులులున్న నేలలో ఇప్పుడు పులి అడుగు కనబడితే అది పత్రికల్లో మొదటిపేజీ వార్త. మరి మధ్యలో ఏం జరిగింది? వచ్చిన పులి ఎందుకు నిలవడం లేదు? సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అడవి చూడ్డానికి బయల్దేరేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే.

పార్కు కాదు... అభయారణ్యం!

ముందుగా చిన్న అనుమానం తీర్చుకుందాం. పాకాల, ఏటూరునాగారం... రెండూ జాతీయ పార్కులు కావు, వన్యప్రాణి అభయారణ్యాలు. తెలంగాణలో జాతీయ పార్కులు మూడే. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. విచిత్రం ఏంటంటే ఆ మూడూ హైదరాబాద్‌లోనో దాన్ని ఆనుకునో ఉన్నాయి. అసలు అడవి ఉన్నచోట ఉన్నవి అభయారణ్యాలు.

రెంటికీ తేడా పేరులోనే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కులో పశువుల్ని మేపకూడదు, ప్రజలకు అక్కడి భూమి మీద హక్కులుండవు. అభయారణ్యంలో అలా కాదు. కొన్ని హక్కులు కొనసాగొచ్చు. అందుకే ఏటూరునాగారం అడవి నడిబొడ్డున కోయగూడేలు ఉన్నాయి, పొలాలున్నాయి, రోడ్లున్నాయి. రెండేళ్లకోసారి లక్షలాది జనం కదిలొచ్చే మేడారం సమ్మక్క-సారలమ్మల గద్దెలూ ఆ అడవిలోనే ఉన్నాయి. అంటే ఇక్కడ జంతువులు మనుషుల్లేని చోట కాదు, మనుషుల మధ్యనే బతకాలి. వరంగల్ అడవుల అందం, కష్టం రెండూ అక్కడే ఉన్నాయి.

చెరువు కాపాడిన అడవి

వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్లు వెళ్తే పాకాల. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో తవ్వించిన చెరువు అది. చెరువంటే చిన్నమాట. దాదాపు ముప్ఫై చదరపు కిలోమీటర్ల నీళ్లు! చుట్టూ కొండలు, ఆ కొండల నిండా అడవి. ఒకవైపు మాత్రం కట్ట. దానిమీద నిలబడితే అవతలి ఒడ్డు మసకమసగ్గా కనిపిస్తుంది.

కాకతీయులు ఈ చెరువు కట్టింది వరిపొలాల కోసం. ఆ పొలాలకు ఇప్పటికీ నీళ్లు అందుతూనే ఉన్నాయి. కానీ వాళ్లకు తెలిసో తెలియకో ఇంకో మేలూ జరిగింది. ఎండాకాలం వాగులన్నీ ఇసుకతేలినప్పుడు అడవి జంతువులకు ఈ నీళ్లే దిక్కయ్యాయి. అటు చెరువుకీ అడవి సాయం చేసింది. కొండల మీద చెట్లుంటేనే వాన నీళ్లు మెల్లగా దిగుతాయి, మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడిపోకుండా ఉంటుంది. చెట్టు చెరువును కాపాడితే చెరువు జంతువును కాపాడింది. ఎనిమిది వందల ఏళ్లుగా సాగుతున్న ఇచ్చిపుచ్చుకోవడం ఇది!

చెరువు చుట్టూ ఉన్న ఎనిమిది వందల పైచిలుకు చదరపు కిలోమీటర్ల అడవిని 1950ల్లోనే అభయారణ్యంగా ప్రకటించారు. చుక్కల దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, చిరుతలు ఇక్కడి నివాసులు. నీళ్లలో మొసళ్లుంటాయి. శీతకాలపు ఎండకు అవి ఒడ్డున రాళ్లమీద కదలకుండా పడుకుంటాయి. దూరం నుంచి చూస్తే ఎండిన దుంగల్లానే ఉంటాయి. అందుకే కట్ట దిగి నీళ్లలో కాళ్లు పెట్టాలనే సరదాని ఇక్కడ మానుకోవాల్సిందే.

పక్షుల్ని చూడాలనుకునేవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పండగ. ఉత్తరాన మంచు కురవగానే మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి బాతులు హిమాలయాలు దాటుకుని దక్కన్ చెరువుల దాకా వస్తాయి. వాటికి ఇక్కడి నీటికాకులు, కొంగలు, నత్తగుల్ల కొంగలు, లకుముకి పిట్టలు తోడు. నత్తగుల్ల కొంగని పోల్చుకోవడం తేలిక. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తని పట్టుకుని గుల్లలోంచి మాంసం లాగడానికి ఆ ముక్కే దాని పనిముట్టు. ఒడ్డున చెట్లలోకి చూస్తే, అదృష్టం బాగుంటే తోకపిగిలి పిట్ట కనిపిస్తుంది. మగదానికి తెల్లటి రిబ్బన్లలాంటి పొడవాటి తోక. కొమ్మ మీంచి కొమ్మ మీదికి ఎగిరినప్పుడు ఆ తోక గాల్లో వంపులు తిరుగుతుంటే చూసినవాళ్లు చాలాకాలం మర్చిపోలేరు.

ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి

వరంగల్ నుంచి ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద గోవిందరావుపేట దాటాక చెట్లు దగ్గరవుతాయి. ఫోన్లకు సిగ్నల్ అందీ అందకుండా ఉంటుంది. తాడ్వాయి నుంచి ఏటూరునాగారం దాకా రోడ్డుకు రెండువైపులా టేకు, నల్లమద్ది, ఇప్ప, వెదురు. ఇదే ఏటూరునాగారం అభయారణ్యం. విస్తీర్ణం 806 చదరపు కిలోమీటర్లు. ఒకవైపు గోదావరి, లోపల దయ్యాలవాగులాంటి సెలయేళ్లు. దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, అడవిదున్న, రేచుకుక్క, ఎలుగు, చిరుత... పేర్లు చదవడానికే ఊపిరి చాలదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ అడవికి ఒక వాసన వస్తుంది. ఇప్పపువ్వు వాసన. తెల్లవారుజామున చెట్ల కింద లేతపసుపు పూలు చాప పరిచినట్టు రాలి ఉంటాయి. వాటికోసం కోయ మహిళలు బుట్టలు పట్టుకుని వస్తారు. దుప్పులూ వస్తాయి. ఎలుగుబంటికైతే ఇప్పపువ్వంటే ప్రాణం. ఒకే చెట్టు కింద, ఒకే వేళప్పుడు మనిషి, ఎలుగు ఎదురుపడితే గాయాలు తప్పవు. అందుకే అడవి తెలిసినవాళ్లు చీకట్లో ఒంటరిగా పోరు. నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారు. చప్పుడు వినిపిస్తే ఎలుగే పక్కకు తప్పుకుంటుంది. పర్యాటకులు నిశ్శబ్దంగా ఉండాలి, పూలేరేవాళ్లు మాట్లాడుతూ ఉండాలి... అడవిలో ఎవరి నియమం వాళ్లది!

ఈ అడవికి 2024 కలిసిరాలేదు. ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య పెనుగాలి వీచింది. కాసేపట్లోనే అంతా అయిపోయింది. దాదాపు 50 వేల చెట్లు నేలకూలాయని తొలి అంచనాలు తేల్చాయి. ఎన్నో ఏళ్ల నాటి మానులు వేళ్లతో సహా పడిపోయాయి. అదృష్టవశాత్తూ ఊళ్లు ఆ గాలిదారిలో లేవు. అదే ఏడాది డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మేడారం పరిసరాలే దాని కేంద్రం. హైదరాబాద్ దాకా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు.

చెట్లు పడిపోయాయంటే అడవి చచ్చిపోయినట్టు కాదు. పైన కొమ్మల గొడుగు పోతే నేలమీద ఎండ పడుతుంది. గడ్డి మొలుస్తుంది, వెదురు పిలకలేస్తుంది. గడ్డి కోసం దుప్పులొస్తాయి. పడిపోయిన మానుల్లో పురుగులు చేరితే వడ్రంగి పిట్టలకు విందు. కాకపోతే రెండు షరతులు. వేసవిలో ఆ ఎండుకట్టెలకు నిప్పు అంటుకోకూడదు. ఖాళీ అయిన చోటును ఎవరూ ఆక్రమించకూడదు. గాలి కూల్చిన అడవి మళ్లీ లేస్తుంది. మనిషి దున్నేసిన అడవే లేవదు.

దారి ఉంది... బువ్వే లేదు

మళ్లీ పులి దగ్గరికొద్దాం. దేశంలో పులులు తగ్గిపోవడం లేదు. 2006 లెక్కల్లో 1,411 ఉన్నవి 2022 నాటి గణనలో 3,682 అయ్యాయి. పెరిగిన చోట చోటు ఇరుకవుతుంది. వయసొచ్చిన కుర్రపులి తల్లిని వదిలి తన రాజ్యం తాను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి బయల్దేరినవి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్, కవ్వాల్ అడవుల్లోకి వస్తున్నాయి. గోదావరికి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి పులుల అభయారణ్యం ఉంది. నది దాటితే ఏటూరునాగారం, అక్కణ్నుంచి పాకాల, ఇటు కిన్నెరసాని. తెగిపోతూ అతుక్కుంటూ ఉన్న ఈ అడవుల వరసే పులి దారి. పులికి ఈత బాగా వచ్చు. నది అడ్డం కాదు.

అడ్డమల్లా ఆకలి. ఒక పులికి ఏడాదికి సుమారు యాభై దుప్పులంత తిండి కావాలి. అంటే వారానికొకటి. అవి తరిగిపోకుండా ఉండాలంటే చుట్టుపక్కల కొన్ని వందల జంతువులు తిరుగుతూ ఉండాలి. ఇక్కడి అడవిలో చెట్లున్నాయి, నీళ్లున్నాయి. దుప్పులే కావలసినన్ని లేవు. అడవిపందుల కోసం పన్నిన ఉచ్చుల్లో దుప్పులు పడతాయి. పంట కాపాడుకోవడానికో, మాంసానికో దొంగచాటుగా తీగకు కరెంటు తగిలిస్తే దుప్పి, ఎలుగు, చిరుత, ఒక్కోసారి మనిషి... ఏదైనా ఒకటే. చీకట్లో తీగకు తేడా తెలియదు కదా!

అడవిలో వేట దొరక్కపోతే పులి ఊరిపక్క మేసే ఆవుమీద పడుతుంది. ఆ ఆవే ఒక ఇంటికి జీవనాధారం. పశువు పోతే అటవీశాఖ పరిహారం ఇస్తుంది. కానీ అది ఆలస్యమైతే ఆ ఇంటివాళ్ల కోపం పులిమీదికి మళ్లుతుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయినప్పుడు విషప్రయోగం సంగతి బయటపడింది. నష్టపోయిన రైతుకు వెంటనే డబ్బు అందడం, ఉచ్చులూ కరెంటు తీగలూ పోవడం, దుప్పులు పెరగడం... ఈ మూడూ జరిగితే తప్ప నల్లబెల్లిలో అడుగేసి వెళ్లిన పులిలాంటిది ఇంకొకటి వచ్చినా నిలబడదు. పులి లేని అడవి మనకేం తక్కువ అంటారా? పులి నిలబడిందంటే దుప్పులున్నట్టు. దుప్పులున్నాయంటే గడ్డి ఉన్నట్టు. గడ్డి, చెట్టు ఉన్నాయంటే పాకాలలో నీళ్లున్నట్టు. చివరికి ఆ లెక్క మన కంచంలో అన్నం దగ్గరే తేలుతుంది.

చూడ్డం ఒక విద్య

‘పొద్దున్నుంచీ తిరిగాం, ఒక్క జంతువూ కనబడలేదు’... అడవికి వెళ్లొచ్చిన చాలామంది మాట ఇదే. నిజానికి జంతువులు అక్కడే ఉంటాయి. మన జీపు చప్పుడు మనకంటే ముందే వాటికి చేరుతుంది.

అడవిలో ముందు చూడాల్సింది నేలని. వాగుపక్క తడిమట్టి, బాటమీది దుమ్ము... రాత్రి ఎవరెవరు తిరిగారో రాసిపెట్టిన హాజరుపట్టీ అది. రెండు చీలిన గిట్టలైతే దుప్పి లేదా పంది. పిల్లిజాతి జంతువులు గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి పులి, చిరుత అడుగుల్లో గోటిగుర్తులుండవు. కుక్కజాతికైతే ఉంటాయి. మగపులి అడుగు చదరంగా, ఆడపులిది కాస్త కోలగా ఉంటుందని అటవీ సిబ్బంది పోల్చుకుంటారు. చెట్టు బెరడుమీద నిలువుగా గీతలుంటే ఎవరో గోళ్లు పదును పెట్టుకున్నట్టే. చెదపుట్ట తవ్వేసి ఉంటే అది ఎలుగు పని.

తర్వాత వినాలి. పులో చిరుతో కదిలితే మొదట తెలిసేది కొండముచ్చుకి. చెట్టుపైనుంచి చూసి దగ్గినట్టు అరుస్తుంది. కింద దుప్పి గట్టిగా కూతపెట్టి కాలు నేలకేసి కొడుతుంది. నెమలి గొంతు కలుపుతుంది. దుప్పులూ కొండముచ్చులూ ఒకేచోట తిరగడం వెనక ఈ ఒప్పందమే ఉంది. పైనున్నది కాపలా కాస్తుంది. అది తింటూ జారవిడిచిన ఆకులూ కాయలూ కిందున్నదానికి మేత. ఈ కేకలు వినబడితే బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, నోరు మూసుకుని కూర్చోవాలి. పదినిమిషాలు చాలు. పిల్లలకు ఇంతకు మించిన పాఠం ఏ బళ్లోనూ దొరకదు.

వెళ్లేముందు...

* పక్షులకు నవంబరు-ఫిబ్రవరి, జంతువులకు మార్చి-మే మంచికాలం. ఎండాకాలం నీటిగుంటల దగ్గరికి అవే వస్తాయి. వానాకాలంలో లోపలి దారులు బాగుండవు.

* తెల్లవారిన తర్వాత రెండు గంటలు, పొద్దుగుంకే ముందు రెండు గంటలే అసలు సమయం. మధ్యాహ్నం జంతువులూ నిద్రపోతాయి.

* అడవి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. వసతి, ప్రవేశం వివరాలు ముందే కనుక్కుని బయల్దేరండి. స్థానికుణ్ని తోడు తీసుకెళ్లండి. మీరు గంటలో చూడలేనిది అతను నిమిషంలో చూపిస్తాడు.

* ఎరుపు, తెలుపు, తళుకుల దుస్తులు వద్దు. ఆకుపచ్చ, మట్టిరంగు మేలు. సెంట్లు అసలే వద్దు. ఒక మామూలు బైనాక్యులర్స్ ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

* కోతులకూ దుప్పులకూ బిస్కట్లు, అరటిపళ్లు పెట్టకండి. రుచిమరిగితే అవి రోడ్డెక్కుతాయి. లారీల కింద పడేది అప్పుడే.

* తాడ్వాయి దాటాక రాత్రివేళ నెమ్మదిగా నడపండి. లైట్ల వెలుగుకు కళ్లు చెదిరి జంతువులు రోడ్డుమీదే నిలబడిపోతాయి.

* తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ని తిరిగి తీసుకురండి. దుప్పి పొట్టలో కవరు అరగదు.

* ఒకే ప్రయాణంలో పాలంపేట రామప్ప గుడి, లక్నవరం చెరువు, వాజేడు మండలంలోని బొగత జలపాతం చూసిరావచ్చు. 2021లో ప్రపంచ వారసత్వ హోదా అందుకున్న రామప్ప ఈ దారికి దగ్గర్లోనే ఉంది.

* మరీ చిన్నపిల్లలుంటే ముందు హనుమకొండలోని కాకతీయ జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లండి. జంతువుల్ని అక్కడ పరిచయం చేసుకుంటే అడవిలో పోల్చుకోవడం తేలిక. ఆ పార్కు ఉన్నది ఏ రోడ్డులోనో తెలుసా... హంటర్ రోడ్డు!

ఇంకో ఫొటో కోసం

పులుల్ని లెక్కపెట్టడానికి ఇప్పుడు అడవుల్లో కెమెరాలు కడుతున్నారు. దారికి అటొకటి ఇటొకటి, మోకాలెత్తున చెట్లకు బిగిస్తారు. ముందునుంచి ఏ ప్రాణి వెళ్లినా వాటంతటవే ఫొటో తీసుకుంటాయి. మనిషికి వేలిముద్రల్లా పులికి చారలు. ఏ రెంటివీ ఒకేలా ఉండవు. కాబట్టి ఆ ఫొటో చూసి ఇది తాడోబా పులా, కవ్వాల్ పులా, కొత్తగా వచ్చిందా చెప్పేయొచ్చు.

ఈసారి పాకాల కట్టమీద నిలబడినప్పుడు పులి కనబడలేదని పిల్లలు మొహం చిన్నబుచ్చుకుంటే ఆ రెండు ఫొటోల కథ చెప్పండి. నెక్కొండ ఫొటోలో మనుషులున్నారు, తుపాకీ ఉంది, పులి చచ్చిపోయి ఉంది. ఏటూరునాగారం అడవిలో ఏదో ఒకరాత్రి కెమెరాకు చిక్కబోయే ఫొటోలో మనుషులుండరు. వెదురుపొదల పక్కనుంచి ఓ పులి నడిచి వెళ్తుంటుంది. దాని వెనక పిల్లలు కూడా ఉంటే... అది దారిన పోయే పులి కాదు, ఇక్కడే కాపురం పెట్టిందని అర్థం.